ఓటీపీ చెప్పనన్న పలాస కుర్రాడు

2025 జూన్‌లో ఒక మిట్టమధ్యాహ్నం నా పాత ఫోన్ నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎవరో కుర్రాడు ఎత్తాడు.

“ఎవులమ్మా?”

“బాబూ, ఈ నంబర్ ఇంతకుముందు నాది. ఇప్పుడు నీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ ఒకటి వస్తుంది. కాస్త చదివి చెప్తావా?”

కాసేపు అటువైపు చప్పుడు లేదు. తర్వాత చిన్నపిల్లకి చెప్పినట్టు నిదానంగా అన్నాడు: “అమ్మా, ఓటీపీ ఎవులికీ సెప్పకూడదని బేంకోళ్ళే సెప్పినారు. నాను సెప్పను.” పెట్టేశాడు.

నేను 34 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి 2022లో రిటైరయ్యాను. చివరి ఆరేడేళ్ళు రోజుకి పదిమందికైనా నేను చెప్పిన మాట అదే. పింఛను కోసం వచ్చే ముసలమ్మలకి చెప్పాను, వంట గ్యాస్ సబ్సిడీ పడలేదని వచ్చినవాళ్ళకి చెప్పాను, మా మేనేజరుగారి అత్తగారికి కూడా చెప్పాను. బ్రాంచి గోడమీది పోస్టర్ నా చేత్తో అంటించిందే. ఆ పాఠాన్ని ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు నాకే అప్పజెప్పాడు. కోపం రాలేదు. సిగ్గేసింది.

ఇంతదాకా ఎందుకొచ్చిందో చెప్తాను.

మా నాన్న విశాఖ పోర్టులో గుమాస్తా. రోజూ రాత్రి భోజనమయ్యాక కంచరపాలెం ఇంటి వరండాలో కూర్చుని ఆ రోజు జమాఖర్చులు రాసేవారు. 1961 నుంచి 1993 వరకు తొమ్మిది పుస్తకాలు. వాటిలో పెద్ద సంగతులేం ఉండవు. పూర్ణామార్కెట్లో చింతపండు, కిరసనాయిలు, “చి. అమ్మాయికి జామెట్రీ బాక్సు”, “రిక్షా – వాన”. ఆ “వాన” అన్న మాట ఎందుకు రాశారో నాకు తెలుసు. వాన లేకపోతే నడిచి వచ్చేవారు. రిక్షా ఎక్కినందుకు పుస్తకానికి సంజాయిషీ ఇచ్చుకున్నారన్నమాట.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ రోజు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా వరండా రేకులు లేచిపోయి ఎవరి దొడ్లో పడ్డాయో ఇప్పటికీ తెలియదు. పడగ్గదిలోకి వాన కొట్టి, మంచం కింద ఉన్న ట్రంకుపెట్టెలోకి నీళ్ళు దిగాయి. తీసి చూసేసరికి తొమ్మిది పుస్తకాలూ ముద్దలా ఉన్నాయి. మా వీధికి కరెంటు వచ్చింది పదోరోజున, ఇంక ఫ్యాను కింద పెట్టే భాగ్యం ఎక్కడిది! దండెం మీద వేసి, విసనకర్రతో విసిరి, పేజీకి పేజీకి మధ్య పాత పేపరు పెట్టి ఆరబెట్టాం. సిరా చాలాచోట్ల అలుక్కుపోయింది. ఇవి ఎక్కువకాలం నిలవవని తెలిసిపోయి, నేనూ మా మేనల్లుడూ కూర్చుని 1,140 పేజీలకి ఫోటోలు తీశాం. తమ్ముడి ఇంట్లో కంప్యూటర్ నుంచి వాటిని క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్ కంపెనీ దగ్గర అద్దె కట్టి దాచుకునే చోటికి, ఎక్కించాం. మరుసటి వానాకాలానికి అసలు పుస్తకాలు చెదలుపట్టి పొడి అయిపోయాయి.

ఇక మిగిలింది ఆ ఫోటోలే. ఇంకో చోట కాపీ పెట్టలేదు. తాళం పడేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు.

తాళం పడటం ఒక్కరోజులో జరిగింది గానీ, అందుకు ఏర్పాట్లన్నీ ఏడాదిపాటు నేనే చేసుకున్నాను. 2024 జూలైలో రీఛార్జ్ ధరలు పెరిగాయి కదా, రెండు నంబర్లెందుకని పాతదానికి డబ్బు కట్టడం మానేశాను. మనదేశంలో ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా పడి ఉంటే కంపెనీ ఆపేయొచ్చు, ఆపాక కనీసం మరో 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. బ్యాంకులో ఖాతాలకి పాత నంబర్ తీసేసి కొత్తది పెట్టించుకున్నాను. క్లౌడ్ సంగతి మాత్రం గుర్తే రాలేదు. ఫోన్‌లో ఎప్పుడూ తెరిచే ఉండేది మరి. తెరిచి ఉన్న తలుపుకి తాళంచెవి ఎక్కడుందని ఎవరు వెతుకుతారు?

జూన్‌లో ఆ ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. ఎంవీపీ కాలనీలో సముద్రపుగాలికి గేటు గడియలే తుప్పుపట్టి ఊడొస్తాయి, ఫోన్ ఎంత అనుకున్నాను. (గాలికీ బ్యాటరీకీ సంబంధం లేదని మా అబ్బాయి అన్నాడు. ఉండనీ.) ఎక్స్‌చేంజ్ ఆఫర్లో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాను. ఇచ్చేముందు పాతదానిలో అంతా శుభ్రంగా చెరిపేశాను కూడా. బ్యాంకు జాగ్రత్త!

కొత్త ఫోన్ పాస్‌వర్డ్ అడిగింది. నాకు గుర్తున్నవి మూడు, ఒకదానికొకటి అక్కచెల్లెళ్ళలా ఉన్నవి. మార్చి మార్చి కొట్టాను. ఒకటి సరైందే అయింది, కానీ కోడ్ పాత నంబర్‌కి పంపాననింది. కోడ్ లేక, మళ్ళీ మొదటినుంచి కొట్టి, మళ్ళీ తప్పులు చేసి, సాయంత్రానికి ఖాతా పూర్తిగా బిగుసుకుంది. చాలాసార్లు ప్రయత్నించారు, తర్వాత రండి అనే మాట తప్ప ఇంకేం లేదు. ఆత్రంకొద్దీ గంటకోసారి ప్రయత్నించాను. అలా చేసేకొద్దీ ఆగమనే సమయం పెరుగుతుందని తర్వాత తెలిసింది.

ప్రత్యామ్నాయంగా ఇచ్చిన మెయిల్ ఏదంటే, బ్యాంకువాళ్ళు ఇచ్చిన ఆఫీసు మెయిల్. నా రిటైర్‌మెంట్‌తో పాటే అదీ రిటైరైంది. పుట్టిన తేదీ అడిగింది. నా అసలు తేదీ కొడితే తప్పు అంది. ఖాతా తెరిచిన రోజు మేనల్లుడు తొందరలో ఏదో ఒకటి నొక్కేశాడట, 1980 జనవరి 1. ఆ లెక్కన వాడు నన్ను 18 ఏళ్ళు చిన్నదాన్ని చేశాడు. ఆ సంతోషం కూడా వారం తర్వాత వాడు చెప్తేగానీ నాకు తెలియలేదు.

బ్యాంకు లాకర్‌కి రెండు తాళంచెవులుంటాయి. ఒకటి బ్యాంకుది, ఒకటి కస్టమర్‌ది. రెండూ పడితేనే తలుపు వస్తుంది. ఇక్కడ పాస్‌వర్డ్ ఒకటి, ఫోన్‌కొచ్చే కోడ్ ఇంకొకటి. పద్ధతి అదే కాబట్టి అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. తేడా ఎక్కడంటే, లాకర్ తాళంచెవి పోయిందని కస్టమర్ వస్తే మేం దరఖాస్తు రాయించుకుంటాం, గుర్తింపు చూస్తాం, సంతకం పోల్చుకుంటాం, లాకర్ తయారుచేసిన కంపెనీ మనిషిని పిలిపించి కస్టమర్ ఎదుటే డ్రిల్ చేయిస్తాం. ఖర్చు కస్టమర్‌దే అయినా పని అవుతుంది. ఇక్కడ దరఖాస్తు ఇద్దామంటే కౌంటరే లేదు. ఆధార్ చూపిస్తానన్నా చూసే మనిషి లేడు. నెలనెలా అద్దె మాత్రం నా కార్డులోంచి కట్ అవుతూనే ఉంది. లాకర్ అద్దె కట్టించుకుని గది తలుపు మూసేసినట్టుంది నాకు.

ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికాను. వెతక్కూడదని తెలిసీ వెతికాను, ఆ రోజుల్లో నా బుద్ధి అలా ఉంది. దొరికిన నంబర్‌కి చేస్తే ఒకతను తియ్యగా మాట్లాడి, ఫోన్‌లో స్క్రీన్ కనపడే యాప్ ఒకటి వేసుకోమన్నాడు. అక్కడ పెట్టేశాను. డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ఎంతమందికి చెప్పానో, నేనే ఆ వరసలో చివరకి చేరేదాన్ని. ద్వారకానగర్‌లో ఒక మొబైల్ షాపతను రెండువేలిస్తే తెరిపిస్తానన్నాడు. ఎలా అంటే “మనకి లింకులున్నాయి మేడమ్” అన్నాడు. దణ్ణంపెట్టి వచ్చేశాను.

పలాస కుర్రాడికి మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి క్షమాపణ చెప్పడానికి. నేను బ్యాంకులో చేశాననీ, తను చేసింది సరైన పనేననీ చెప్పాను. నవ్వాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనట. సిమ్ జనవరిలో కొన్నాడట. “అయితే మీయేనేటమ్మా ఈ మెసేజీలన్నీ? గేసు బండని వస్తాది, కరెంటు బిల్లని వస్తాది, నాను కట్టాలేటో అని బయపడిపోనాను” అన్నాడు. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఈ కుర్రాడి జాగాలో ఇంకొకడుండి, పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కి ఉంటే? కోడ్ నేరుగా వాడి చేతికే పోయేది. నన్ను బయట నిలబెట్టిన తాళాన్ని అన్నాళ్ళూ తిట్టాను గానీ, ఈ కుర్రాడు లోపలికి వెళ్ళకుండా ఆపింది అతని మంచితనం ఒక్కటే.

దారి దొరికింది కంపెనీవాళ్ళ సహాయం పేజీలోనే. నాకు సర్క్యులర్లు చివరి పేరా దాకా చదివే జబ్బుంది. అలా చదువుతుంటే అడుగున ఒక వాక్యం కనిపించింది. మీరు ఇదివరకు వాడిన పరికరం నుంచి, మామూలుగా వాడే చోటు నుంచి ప్రయత్నించండి, అని. వారం రోజులుగా కొత్త ఫోన్ మీద, మొబైల్ డేటా మీద, ఒకసారైతే సిరిపురంలో కాఫీ షాపు వైఫై మీద ప్రయత్నిస్తున్నాను. వాళ్ళ వైపునుంచి చూస్తే నేనెవరు? తెలియని ఫోన్‌తో, తెలియని చోటునుంచి, తప్పు పుట్టిన తేదీ చెప్తూ, గంటకోసారి తలుపు బాదే మనిషిని. కౌంటర్లో అలాంటి మనిషొస్తే నేనైనా మేనేజరు క్యాబిన్ వైపు చూసేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి కంచరపాలెం వెళ్ళాను. తమ్ముడింట్లో ఆ కంప్యూటర్ ఇంకా ఉంది. మీద కుట్టుపని గుడ్డ కప్పి ఉంది. మరదలు దాన్ని పూజగదిలో విగ్రహంలా చూసుకుంటుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా అందులోనే నాన్న పుస్తకాలు తెరిచి అందరికీ చూపించేదాన్ని. చూపించాక లాగవుట్ చేసేసేదాన్ని, అదీ బ్యాంకు జబ్బే. లేకపోతే ఇంత కథ ఉండేది కాదు.

“వదినా, ముందు కాఫీ తాగండి” అంటూనే ఉంది, నేను స్విచ్ వేసేశాను. లేవడానికి పావుగంట పట్టింది. బ్రౌజర్ తెరవగానే నా మెయిల్ పేరు దానంతటదే వచ్చింది. గుర్తున్న పాత పాస్‌వర్డ్ ఇచ్చి, కోడ్ వచ్చే నంబర్ నా దగ్గర లేదని నొక్కాను. ఇన్నాళ్ళూ ఇక్కడే తిప్పి పంపేది. ఈసారి, మిమ్మల్ని సంప్రదించడానికి ఒక మెయిల్ ఇవ్వండి అంది. మా అబ్బాయిది ఇచ్చాను. మూడురోజులు ఆగమంది.

ఆ మూడురోజులూ ఏం ముట్టుకోలేదు. మా ఆయన రెండుసార్లు “ఒకసారి చూడరాదూ” అన్నా చూడలేదు. నాలుగోరోజు పొద్దున్న అబ్బాయి ఫోన్ చేసి, లింకు వచ్చిందమ్మా అన్నాడు. మళ్ళీ కంచరపాలెం వెళ్ళి, ఆ కంప్యూటర్ మీదే కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. ఫోల్డర్ తెరిచి మొదట చూసింది ఆ రిక్షా పేజీ. సిరా అలుక్కున్నా “వాన” అన్న మాట చదవొస్తోంది. మరదలు చల్లారిపోయిన కాఫీ మళ్ళీ వేడిచేసి తెచ్చింది.

తర్వాత చేసినవి క్లుప్తంగా. పాత నంబర్ తీసేసి నాదీ, అబ్బాయిదీ పెట్టాను. పుట్టిన తేదీ సరిచేసి నా 18 ఏళ్ళు తిరిగి తీసుకున్నాను. ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి దించి తమ్ముడింట్లో పెట్టాను. కొన్ని కంపెనీల ఖాతాల్లో మన తర్వాత ఎవరు తెరవాలో ముందే రాసిపెట్టే ఏర్పాటుంది, నామినీ లాగా. అదీ పూర్తిచేశాను. ఇంకో సంగతి. బ్యాంకు ఖాతాలో రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఇనాపరేటివ్ అంటాం, పదేళ్ళు దాటితే సొమ్ము రిజర్వ్ బ్యాంకు నిధికి పోతుంది, అప్పటికీ వారసులు వచ్చి అడిగి తెచ్చుకోవచ్చు. గూగుల్ అయితే రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను 2023 డిసెంబర్ నుంచి తొలగిస్తోంది. పోయాక అడగడానికేం ఉండదు. (నా ఖాతా ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం.)

అత్యవసరానికి వాడుకోమని ఆ ఖాతా ఇచ్చిన పది కోడ్‌లూ కాగితం మీద ప్రింటు తీసి, మా పాత బ్రాంచిలోని లాకర్లో పెట్టడానికి వెళ్ళాను. లాకర్ మా ఆయన పేరూ నా పేరూ కలిపి ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయి రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, తన తాళంచెవి తిప్పి వెళ్ళింది. కాగితం నగల డబ్బా కింద పెట్టి, తాళం వేసుకుని, ఇంటికొచ్చి అన్నం వండుకుంటున్నాను.

ఫోన్ మోగింది. చూస్తే నా పాత నంబరే.

“అమ్మా, లాకరు తెరిసినారని బేంకు మెసేజి వచ్చీసింది. మీరేనేటి?”

లాకర్ తెరిచిన రోజే కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ పంపాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన 2022 జనవరి నుంచి ఉంది. నేను సర్వీసులో ఉండగానే వచ్చిన సర్క్యులర్. లాకర్లో మొదటి పేరు మా ఆయనది. ఆయనకి అప్పట్లో ఫోన్ లేక, ఆయన పేరు మీద రాయించింది నా పాత నంబర్.

“నేనే బాబూ” అన్నాను.

“ఆఁ, అయితే సరే. ఎవులో దొంగోలు అనుకున్నాను” అన్నాడు. “నంబరు మార్పించీయండమ్మా.”