చెత్త బండి వెనకున్న బాకీ పుస్తకం

బెంగళూరులో కూలీలతో మాట్లాడే తెలుగువాళ్ళు ‘జీతం’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మనకది నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు. కన్నడంలో ‘జీత’ అంటే వెట్టిచాకిరీ. నెల డబ్బును వాళ్ళు ‘సంబళ’ అంటారు. తనిఖీకి వచ్చిన అధికారి కన్నడంలో జీత గురించి అడిగితే, అనంతపురం వైపు నుంచి వచ్చిన మనిషి తన నెల డబ్బు గురించి అడుగుతున్నారనుకుని తలూపుతాడు. కాగితం మీద ఏం రాస్తారో అక్కడ పక్కనున్న మనిషి మీద ఆధారపడుతుంది. ఈ నగరంలో చీపురు పట్టినవాళ్ళలో, చెత్త బండి ఎక్కినవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. చెత్త సేకరణ కంపెనీ తన కాంట్రాక్టర్ల కింద వెట్టి ఉందేమో ఎలా వెతకాలో చెప్పేముందు ఈ సంగతి చెప్పడం అందుకే.

చెత్త సేకరణ కంపెనీలో వెట్టి అంటే తాళం వేసిన గది వెతుకుతారు చాలామంది. అది ఉండేది అడ్వాన్సు రాసుకునే చిన్న పుస్తకంలో. కంపెనీకి కాంట్రాక్టరు తెలుసు. కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద మనుషులు. పుస్తకం మేస్త్రీ జేబులో ఉంటుంది. ఊడ్చే పౌరకార్మికులకు 2018 నాటికి కాంట్రాక్టరు అంచె తీసేసి నేరుగా డబ్బు వేయడం మొదలైంది. ఇంటింటికీ తిరిగే ఆటో టిప్పర్ల డ్రైవర్లు, హెల్పర్లు, చెత్తను నొక్కి నింపే కాంపాక్టర్ లారీల లోడర్లు ఆ తర్వాత కూడా కాంట్రాక్టర్ల కిందే ఉండిపోయారు. ఇక పొడి చెత్త దారి ఇంకా పొడవు. వార్డు పొడి చెత్త కేంద్రం నుంచి ఏరే షెడ్లకు, అక్కడి నుంచి జాలీ మొహల్లా పాత సామాన్ల కొట్లకు, నాయండహళ్ళి ప్లాస్టిక్ గ్రైండింగ్ యూనిట్లకు పోతుంది. కంపెనీ సంతకం మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. ప్రమాదం మాత్రం కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది.

అడ్వాన్సు లెక్క ఒకసారి వేసి చూడండి. ఉదాహరణకు, ఊరి నుంచి వచ్చిన ఆలుమగలు షెడ్డు యజమాని దగ్గర 40,000 తీసుకున్నారనుకుందాం. వడ్డీ లేదంటాడు. అతని జాగాలోనే రేకుల గుడిసె, ఏరిన సరుకు అతనికే వేయాలి. బయట కిలో 30 పలికే సీసాలకు 20 కట్టిస్తాడు. రోజుకు 25 కిలోలు ఏరితే 250 రూపాయలు పోయినట్టు. 26 రోజులకు 6,500. నలభై వేలకు నెలకు ఆరున్నర వేలంటే నూటికి నెలకు 16 రూపాయల పైన వడ్డీ. ఏడో నెల నిండకుండానే అసలంతా ముట్టినట్టే, కానీ పుస్తకంలో 40,000 అలాగే ఉంటుంది. మధ్యలో జ్వరం వచ్చినా, పండక్కి ఊరెళ్ళినా అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు.

దీన్ని వ్యాపారం అనుకుని వదిలేస్తారు. చట్టం అలా అనుకోలేదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చెప్పే నిర్వచనంలో నాలుగు గుర్తులున్నాయి: నామమాత్రపు కూలికి పని, వేరే పని చూసుకునే స్వేచ్ఛ లేకపోవడం, ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళలేకపోవడం, తన శ్రమతో వచ్చిన సరుకును మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు పోవడం. బాకీ కారణంగా వీటిలో ఏ ఒక్కటి జరిగినా చాలు. నాలుగోది పొడి చెత్త షెడ్ల కోసమే రాసినట్టుంటుంది. అయినా తనిఖీ ఫారాలలో దాని మీద ప్రశ్న ఉండదు. నిజానికి మొదట పెట్టవలసిన ప్రశ్న అదే. పై కేసులో అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవలసిన భారం కూడా అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది. ఇక బాకీ లేకపోయినా, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడమే రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీ అని 1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో తేల్చింది.

అసలు తప్పు చాలాసార్లు కంపెనీ టెండర్ గదిలోనే మొదలవుతుంది. ఒక టిప్పర్‌కి డ్రైవరు, హెల్పరు కలిపి ఇద్దరని రేటు కడతారు. బండి వారానికి ఏడు రోజులూ తిరగాలి, మనిషికి ఒక రోజు సెలవు ఉండాలి. అంటే కావలసింది ఇద్దరు కాదు, 2.33 మంది. ఆ మూడో వంతు మనిషి రేటులో లేకపోతే ఆదివారం పని ఎవరిదో ఊరికే పోతుంది. అలాగే వంద రూపాయల కూలి మీద యాజమాన్యం వాటా పీఎఫ్ ఛార్జీలతో కలిపి 13, ఈఎస్ఐ 3.25, బోనస్ 8.33. ఇక్కడికే 124 దాటింది. సెలవుల జీతం, గ్రాచ్యుటీ, బూట్లు, గ్లవ్స్ కలిపితే 130 పైమాటే. నూటపదికి కోట్ చేసినవాడికి పని ఇచ్చారంటే, మిగతా ఇరవై ఎవరి ఒంట్లోంచి తీస్తాడో కంపెనీకి తెలిసే ఇచ్చినట్టు. టెండర్లు తెరిచే రోజే ఈ లెక్క వేసి, అంతకంటే తక్కువ వచ్చిన కోట్‌ను పక్కన పెట్టాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘మా దగ్గర వెట్టి లేదు’ అని రాయించుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

ఆ తర్వాత కాగితాలు. ఒక్కో రిజిస్టరును విడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. రెండింటిని పక్కపక్కన పెట్టినప్పుడే దొరుకుతుంది. బండ్లను తూచే వేబ్రిడ్జి చీటీలు తీయండి. ఫలానా నంబరు టిప్పర్ నెలలో 30 రోజులూ తూకానికి వచ్చింది, మస్టర్‌లో (హాజరు పట్టీలో) డ్రైవరుకు 26 రోజులే ఉన్నాయి, బదిలీ మనిషి పేరు ఎక్కడా లేదు. అంటే నాలుగు రోజులు ఎవరో లెక్కలో లేని మనిషి తోలాడు, లేకపోతే అదే మనిషి డబ్బుల్లేకుండా తోలాడు. రెండూ అడగవలసినవే. తర్వాత జీతాల షీటును బ్యాంకు ఖాతా నంబరు వారీగా, ఫోన్ నంబరు వారీగా సార్ట్ చేయండి. ఇద్దరికి ఒకే ఖాతా ఉంటే వెంటనే ఆరా తీయాలి. పదిమంది పీఎఫ్ ఖాతాలకు ఒకే ఫోన్ నంబరు ఉంటే అది మేస్త్రీది అయి ఉంటుంది, ఓటీపీలన్నీ అతనికే వెళ్తుంటాయి. బ్రిటన్‌లో 2019లో శిక్షలు పడిన ఆపరేషన్ ఫోర్ట్ కేసులో పోలండ్ నుంచి తెచ్చిన మనుషులను రీసైక్లింగ్ కేంద్రాల్లో, పొలాల్లో పనికి పెట్టి, వాళ్ళ పేరు మీద తెరిచిన ఖాతాలను ముఠా తన చేతిలో పెట్టుకుంది. ‘డబ్బు బ్యాంకులోనే వేస్తున్నాం’ అన్న ధీమా అక్కడా ఉండేది. డబ్బు ఖాతాలో పడటం వేరు, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందన్నది వేరు.

మనుషులతో మాట్లాడటం తెల్లవారుజామున మస్టర్ పాయింట్ దగ్గర కుదరదు. మేస్త్రీ అక్కడే నిలబడి ఉంటాడు, బండి బయల్దేరే తొందర. రూట్ అయిపోయాక, టీ కొట్టు దగ్గరో వాళ్ళ గుడిసెల దగ్గరో కలవాలి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడాలి. ఏరే షెడ్లలో బెంగాలీ, అస్సామీ మాట్లాడేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు మేస్త్రీని దుబాసీగా పెట్టుకుంటే వెళ్ళనట్టే. ‘మిమ్మల్ని బలవంతం చేస్తున్నారా?’ అంటే లేదనే వస్తుంది. ఇలా అడగాలి: “అక్కా, ఊరికి ఎప్పుడెళ్ళొచ్చావు? వెళ్ళేటప్పుడు పిల్లల్ని ఇక్కడే వదిలిపెట్టమన్నారా? ఆధార్ కార్డు ఇప్పుడు ఎక్కడుంది? బాకీ ఎంతుందో ఎవరు రాస్తారు, నీకు చూపిస్తారా? రేపు పక్క కాంట్రాక్టరు ఎక్కువిస్తానంటే వెళ్ళగలవా?” ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మనిషి ఎటు చూస్తుందో గమనించండి. ఎంతమందితో మాట్లాడినా పేర్లు కాంట్రాక్టరుకు అందకూడదు. ఒక్క పేరు జారినా రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

అడ్వాన్సులను పూర్తిగా నిషేధించే కంపెనీలున్నాయి. అది పనిచేయదు. పెళ్ళికీ ఆసుపత్రికీ డబ్బు కావాలి, కంపెనీ ఇవ్వకపోతే మేస్త్రీ ఇస్తాడు. నిషేధం పుస్తకాన్ని ఇంకా లోపలి జేబులోకి తోస్తుంది, అంతే. కంపెనీయే వడ్డీ లేకుండా, ఒక నెల జీతం మించకుండా, నెలకు పదో వంతు కోతతో అడ్వాన్సు ఇవ్వాలి. మిగిలిన బాకీ ప్రతి వేతన చీటీ మీద కార్మికుడికి అర్థమయ్యే భాషలో అచ్చు కావాలి. మధ్యలో మానేస్తే మిగిలింది వదిలేస్తామని ముందే రాసివ్వాలి. దీనివల్ల కంపెనీకి పోయే సొమ్ము చాలా తక్కువ.

గ్లవ్స్, యూనిఫాం, సెక్యూరిటీ గార్డుల సరఫరాదారులను కూడా చూడాలి, కానీ వాళ్ళ కోసం ముందు పై పని ఆపొద్దు.

దొరికితే ఏం చేయాలి? అందరూ చేసే పొరపాటు ఆ రోజే కాంట్రాక్టు రద్దు చేయడం. రాత్రికి రాత్రి షెడ్డు ఖాళీ అవుతుంది, మనుషులు ఇంకో ఊరికి, ఇంకో పుస్తకంలోకి పోతారు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టి తర్వాత వసూలు చేసుకోవాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనూ ఉండేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఉంది. కాబట్టి ముందు కంపెనీయే బకాయిలు నేరుగా కార్మికుల ఖాతాల్లో వేయాలి, అదే పనిని తన పేరోల్ మీద ఇవ్వాలి. కొట్టడం, బంధించడం ఉంటే 112కు, పిల్లలుంటే 1098కు ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి. వెట్టి అనిపిస్తే జిల్లా డిప్యూటీ కమిషనర్‌కు (మన కలెక్టరు) గానీ అసిస్టెంట్ కమిషనర్‌కు గానీ రాతపూర్వకంగా ఇవ్వాలి. పేర్లు, అడ్వాన్సు మొత్తం, తేదీ, ఏ పని, ఎక్కడ ఉంచారు అన్నవి అందులో ఉండాలి. పుస్తకం ఫొటో దొరికితే జత చేయాలి. విచారణ తర్వాత, వెట్టి నుంచి విడిపించామని ఇచ్చే విడుదల పత్రం లేకపోతే పునరావాసం డబ్బు కదలదు. కేంద్రం పునరావాస పథకం కింద మగవాళ్ళకు 1 లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు. తక్షణ సాయం 30,000 వరకు. పూర్తి మొత్తం కేసు తేలడంతో ముడిపడి ఉంది, తక్షణ సాయానికి ఆ షరతు లేదు.

చట్టం ప్రకారం ఆ బాకీ ఇక రద్దు. అయినా ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల దగ్గరికి మేస్త్రీ మనుషులు వెళ్ళి అడుగుతారు. అందుకని విడుదల పత్రం నకళ్ళు రెండు తీయించి, ఒకటి కార్మికుడి చేతికి, ఇంకొకటి ఊళ్ళోని ఇంటికి చేర్చాలి. మూడు నెలల పాటు నెలకోసారి ఆ ఇంటికి ఫోన్ చేసి, ఎవరైనా వచ్చారా అని అడగాలి.