ఆరో వారం: ఇంకా ఆ రికార్డు చిల్లు దగ్గరే ఉన్నాను

మూడు రాత్రులు, ఒక ఆకురాయి, బలైపోయిన 110 యెన్‌ల ఎంకా (జపాన్ పాతకాలం పాటల) రికార్డు ఒకటి. ఫలితం: అసలు రికార్డుకు ‘ఏ’ సైడ్ బాగుపడింది, బి సైడ్ ఇంకా చెడింది. నాకు కావాల్సింది బి సైడ్.

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క ముక్క. డిసెంబర్‌లో మా ఆఫీసు బోనెన్‌కై, అంటే ఏడాది చివరి విందు. టీమ్‌లో పధ్నాలుగు మందిమి, దాదాపు అందరం 35, 39 మధ్యే. సగం జపాన్ వాళ్లు, సగం మనవాళ్లు. పాత హిప్-హాప్‌తో గంటసేపు మిక్స్ చేస్తాను, అదీ ల్యాప్‌టాప్ లేకుండా, అన్నీ రికార్డుల మీదే అని ఆగస్టులో ఒక బీరు ఎక్కువైనప్పుడు నోరు జారాను. ఆ బీరు ఖరీదు ఇప్పుడు కడుతున్నాను.

గత వారంలో కుదిరినవి ముందు చెప్పేస్తాను. జపాన్ బ్యాండ్ డ్రాగన్ ఆష్ 1999 పాటలోంచి అమెరికన్ ర్యాపర్ 50 సెంట్‌కి వెళ్లడం కుదిరింది. మిస్సీ ఎలియట్ 2001 పాట మొదట్లో వినిపించే జపనీస్ మాటలు, ఆ వెంటనే తబలా: ఇది అసలు కష్టపడకుండానే కుదిరింది, ఆ ఒక్క పాటలో మా టీమ్ మొత్తం ఉంది. కిక్ ద కెన్ క్రూ వాళ్లు యమషితా తట్సురో పాట మీద 2001లో కట్టిన క్రిస్మస్ ర్యాప్ ఆఖరి పాటగా ఖాయం. డిసెంబర్ పార్టీలో అది లేకపోతే జపాన్ వాళ్లు నన్ను ఇంటికి పోనివ్వరు.

ఇక ఆ చిల్లు సంగతి.

2000ల మొదట్లో వచ్చిన ఒక జపనీస్ 12 అంగుళాల సింగిల్. ఏ సైడ్‌లో ర్యాప్, బి సైడ్‌లో అదే పాట ఇన్‌స్ట్రుమెంటల్. పియానో లూప్, మెత్తటి డ్రమ్స్. జపాన్ హిప్-హాప్ ప్రొడ్యూసర్ నుజాబెస్ బాణీ అంటే ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆ కుటుంబమే. పాట పేరు, లేబుల్ పేరు చెప్పను. తప్పు నా చేతికొచ్చిన కాపీది, మిగతా కాపీలు శుభ్రంగా ఉండొచ్చు. ఈ బి సైడ్ కింద నడుస్తుంటే పైన ఇంకో రికార్డులోని రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో 16 బార్లు (ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు) కలిసి సాగాలి. రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయి, పిచ్ ఫేడర్‌ను (రికార్డు వేగం మార్చే మీటను) అర శాతం కూడా కదపక్కర్లేదు. ఇలాంటి జత దొరకడం అదృష్టం. 3 శాతం జరిపితేనే శ్రుతి అర్ధస్వరంలో సగం లేచిపోతుంది కాబట్టి, పియానో మీద పియానో వేయడానికి ఎవరూ సాహసించరు.

బీట్ కలిసింది. పియానోలు కలవలేదు. రెండూ కలిసిన ప్రతిసారీ ఎవరో పడవలో కూర్చుని వాయిస్తున్నట్టు ఊగుతోంది. మొదట నా చెవి తప్పేమో అనుకున్నాను. మా ఆవిడ చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. పక్కగదిలోంచి, "ఏమండీ, దానికి గమకం ఎవరు నేర్పారు?" అంది. అంతే, ఇక నిద్ర పట్టలేదు.

అనుమానం ఒకటి, మోటారు. నాది సెకండ్‌హ్యాండ్ టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్, మార్క్ 3. ఇంకో మూడు రికార్డులు పెట్టి చూశాను, దేనికీ ఊగుడు లేదు. మోటారు నిర్దోషి. అనుమానం రెండు, రికార్డు వంగి ఉండటం. కళ్లు పళ్లెం ఎత్తుకు దించి చూస్తే పైకీ కిందికీ కదలిక దాదాపు లేదు. కానీ టోన్‌ఆర్మ్, అంటే ముల్లును మోసే కడ్డీ, పక్కలకు ఊగుతోంది, తలుపు దగ్గర నిలబడ్డా కనిపించేంతగా. చిల్లు నడిమధ్యన లేదన్నమాట.

ఊగుడు కొలవడానికి ఒక చిట్కా. పాట నడుస్తుండగా కొలవకండి, ముల్లు ఎటూ లోపలికి జరుగుతూనే ఉంటుంది, లెక్క కలగాపులగం అవుతుంది. పాట అయిపోయాక చివర్లో తిరుగుతూ ఉండిపోయే గాడి ఉంటుంది చూడండి, అక్కడ కొలవాలి. హెడ్‌షెల్ (ముల్లు బిగించే తల) వెనక గ్రాఫ్ పేపర్ ముక్క నిలబెట్టి, ఫోన్‌లో స్లో మోషన్ తీసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత కదిలిందో చదివాను. ఏ సైడ్: 1.6 మి.మీ. అంటే చిల్లు దానిలో సగం, 0.8 మి.మీ. పక్కకు ఉంది.

0.8 మిల్లీమీటర్లకు ఇంత గోలా అనుకోవద్దు. రికార్డు అంచు దగ్గర ముల్లు మధ్య నుంచి దాదాపు 140 మి.మీ. దూరంలో ఉంటుంది. 0.8ని 140తో భాగిస్తే 0.57 శాతం. వేగం అంత శాతం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. లూప్ చివర ఒక స్వరం దాదాపు రెండు సెకన్లు నిలబడుతుంది. దాన్ని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే 440 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 437.5 నుంచి 442.5 దాకా తిరుగుతోంది. అర్ధస్వరంలో పదో వంతు ఇటు, పదో వంతు అటు. అల పొడవు సరిగ్గా 1.8 సెకన్లు, అంటే 33⅓ వేగంలో ఒక చుట్టు. దొంగ వేలిముద్రతో సహా దొరికాడు. పాట లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా ఘోరం, 80 మి.మీ. దగ్గర అదే 0.8 ఒక శాతం అవుతుంది.

తమాషా ఏమిటంటే బీట్‌కు దీనివల్ల ఏమీ కాదు. ప్రతి చుట్టులో ముందుకు జరిగినంతా వెనక్కి వస్తుంది. లెక్కేస్తే బీట్ తన చోటు నుంచి 3 మిల్లీసెకన్లు కూడా జరగట్లేదు, ఏ చెవీ పట్టలేదు. అందుకే ఈ రికార్డును ఇన్నేళ్లలో ఎవరూ తిరిగి ఇచ్చేసి ఉండరు. డ్రమ్స్ మీద బతికే పాటలో ఈ తప్పు వినిపించదు, నిలబడే స్వరం ఉంటేనే బయటపడుతుంది. 1980ల్లో నకామిచి కంపెనీ ఇలాంటి రికార్డును తనంతట తానే మధ్యకు జరుపుకునే టర్న్‌టేబుల్ చేసింది. దాని ధర చూసి ట్యాబ్ మూసేశాను.

మిగిలింది ఆకురాయి. మధ్య కడ్డీకీ చిల్లుకూ మధ్య ఉన్న ఖాళీ 0.1 మి.మీ. చుట్టుపక్కలే, ఊరికే పక్కకు నెడితే చాలదు. చిల్లును ఒకవైపు అరగదీయాలి. ఎటువైపు? టోన్‌ఆర్మ్ అన్నిటికన్నా బయటికి వచ్చినప్పుడు చేత్తో పళ్లెం ఆపి, ముల్లు ఉన్న వైపు లేబుల్ మీద పెన్సిల్ గుర్తు పెట్టాలి. చిల్లులో ఆ గుర్తు వైపు అంచునే అరగదీయాలి. వినడానికి తేలికే. ముందు ఎంకా రికార్డు మీద ప్రయత్నించాను. గుర్తు పెట్టాను, రికార్డు తిప్పి పట్టుకున్నాను, అరగదీశాను. తిప్పితే ఎడమ కుడి అవుతుందని మర్చిపోయాను. 0.9 ఉన్న ఊగుడు 1.7 అయింది. పెద్దాయన పాట పాపం, మత్తులో పాడినట్టు తయారైంది.

అసలు రికార్డు దగ్గర జాగ్రత్త పడ్డాను. గాడుల మీద పలుచటి ప్లాస్టిక్ కవర్, లేబుల్ మీద మాస్కింగ్ టేప్. నూరు యెన్‌ల షాపులో కొన్న గుండ్రటి ఆకురాయి రెండు నిమిషాల్లో వంగిపోయింది, దాని జోలికి పోకండి. హార్డ్‌వేర్ షాపులో సన్నటి ఆకురాళ్ల సెట్టు కొనుక్కోండి. పది గీతలు, రజను వాక్యూమ్‌తో లాగడం, మిటుటోయో కాలిపర్స్‌తో కొలవడం, మళ్లీ పది గీతలు. 0.6 మి.మీ. అరిగాక ఆపి, రికార్డును గుర్తు నుంచి అవతలి వైపుకు నెట్టి పెట్టాను. ఊగుడు 1.6 నుంచి 0.4కి వచ్చింది. స్వరం నిలబడింది! రాత్రి ఒంటిగంటకు మా ఆవిణ్ణి లేపి వినిపించాను. "బాగుంది, పడుకోండి" అంది.

మర్నాడు బి సైడ్ తిప్పి పెట్టాను. 1.9.

రెండు వైపులకూ చిల్లు ఒక్కటే కదా, ఏ సైడ్ సరైతే బి సైడ్ కూడా అవుతుంది అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను. చిల్లు ఒక్కటే, కానీ గాడులు అచ్చేసే స్టాంపర్లు రెండు. రెండూ ప్రెస్సులో విడివిడిగా బిగుస్తాయి, ఏది ఎటు పక్కకు ఉందో దానిష్టం. రికార్డును పాత స్థానానికి నెట్టి కొలిస్తే బి సైడ్ ఊగుడు 1.1. అంటే మొదట్నుంచీ దాని తప్పు వేరు, దిక్కు వేరు. ఆ 1.1 కూడా నాకు పనికిరాదు. 440 దగ్గర 1.7 హెర్ట్జ్ తేడా, రోడ్స్ పక్కన పెడితే సెకనుకు దాదాపు రెండు అలలు.

ఇప్పుడు రెండో దిక్కులో కూడా అరగదీయొచ్చు. అప్పుడు చిల్లు అన్ని వైపులా వదులైపోతుంది, ప్రతిసారీ చేత్తో సర్ది పెట్టుకోవాలి. ఇంట్లో కూర్చుని రికార్డ్ చేసుకునేవాళ్లకు అది చాలు. నేనేమో జనం ముందు ముల్లు కింద రికార్డును వెనక్కీ ముందుకీ తిప్పి పాట అందుకోవాలి. వదులు చిల్లు అయితే రెండో తిప్పుకే జారిపోతుంది. అరిగిన వైపు రాగి తీగ ముక్క ఇరికించి చూశాను, నాలుగు తిప్పులు నిలబడి ఐదోదానికి ఊడింది. సెల్లో టేపు మూడు పొరలు చుట్టాను, జిగురు కరిగి కడ్డీకి అంటుకుంది.

ల్యాప్‌టాప్‌తో చేస్తే ఈ గోలేదీ ఉండదు కదా అంటారు. నిజమే. కానీ పాట ముల్లు కింద ఉన్నప్పుడు వేలికి తెలిసే బరువు వేరు. పైగా మాటిచ్చాను.

సామాను సంగతి అడిగినవాళ్లకు. షూర్ వాళ్లు 2018లో కార్ట్రిడ్జ్‌లు (ముల్లు అమర్చే భాగాలు) మానేశారు కాబట్టి, వాళ్ల పాత ఎం44-7 దొరికితే వదలకండి, దానికి జికో వాళ్ల ముల్లు వేసుకుంటే కొత్తదానికి తీసిపోదు. ఓర్టోఫోన్ కాంకార్డ్ కార్ట్రిడ్జ్‌లో ముల్లు కొన చక్కగా కనిపిస్తుంది, కానీ నా చెవికి పియానో కాస్త గట్టిగా తగులుతుంది. మిక్సర్ పాత వెస్టాక్స్. కంపెనీ 2014లో మూతపడింది, ఫేడర్ మాత్రం వెన్నలా జారుతుంది.

ఈ ఒక్క పాటను ఎందుకింత పట్టుకు వేలాడుతున్నావు, తీసేసి ఇంకోటి పెట్టు అని టీమ్‌లో సెన్‌పాయ్, అంటే సీనియర్, ఒకాయన అన్నాడు. ఆయనకు ఈ మెత్తటి పియానో రకం పాటలంటే ఆలస్యంగా పరిచయం. ఆయన మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు టీవీలో వచ్చిన ర్యాప్ అంటే రిప్ స్లైమ్, కిక్ ద కెన్. నాకు జపనీస్ హిప్-హాప్ అంటే 2006, ఇంజనీరింగ్ హాస్టల్, ల్యాన్‌లో ఎవడో పెట్టిన సమురాయ్ చాంప్లూ అనే యానిమే. కత్తులు తిప్పుతుంటే వెనక నుజాబెస్ బీట్. ఎమినెం తప్ప ర్యాప్ తెలియని మా గదికి అది వేరే లోకం. ఆయన అసలు పేరు సెబ జున్ అనీ, దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో వెనక నుంచి చదివితే నుజాబెస్ అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2010 ఫిబ్రవరిలో ఆయన పోయారు, నేను టోక్యోలో దిగింది 2012లో. షిబుయాలో ఆయన నడిపిన రికార్డుల షాపు ఎక్కడుండేదో వెతుక్కుంటూ వెళ్లి, తిరిగి ట్రైనెక్కి నిషి-కసాయ్ వచ్చేశాను. కాబట్టి ఆ పియానో ఉండాల్సిందే. సెన్‌పాయ్ తలూపాడు, అర్థమైందో మొహమాటమో తెలీదు.

ఈ వారాంతం డిస్క్ యూనియన్ అనే రికార్డుల షాపులో రెండో కాపీ కోసం గాలిస్తాను. మడతపెట్టిన గ్రాఫ్ పేపర్ జేబులో పెట్టుకుని వెళ్తున్నాను, వినే మూల ఖాళీగా ఉంటే కొనేముందే బి సైడ్ చివరి గాడి మీద ఊగుడు చూడొచ్చు. 0.5 లోపు ఉంటే తీసుకుంటా. దొరక్కపోతే, 7 అంగుళాల రికార్డుల పెద్ద చిల్లుకు వేసే అడాప్టర్ లాంటిదే చిన్నది ఇత్తడితో చేయించాలని ఆలోచన: ఈ రికార్డు చిల్లును 10 మి.మీ.కు పెంచి, బి సైడ్ కేంద్రానికి సరిపెట్టి, ఇత్తడి రింగు అతికించేయడం. ఏ సైడ్ పోతే పోయింది. మా వీధి చివర లేత్ మెషిన్ పెట్టుకున్న తాతగారు ఒకరున్నారు, నా జపనీస్‌లో ఆయనకు ఇది ఎలా చెప్పాలో రాసుకుంటున్నాను.

ఇంకొకటి మర్చిపోయాను. బ్లాక్ ఐడ్ పీస్ 2003 ఆల్బమ్‌లో ఎలిఫంక్ థీమ్ వింటే ఇళయరాజా గుర్తుకొస్తారు కదా. గుర్తుకు రావడం కాదు, అది ఆయన పాటే, 1985 తమిళ సినిమా శ్రీ రాఘవేంద్రర్ లోది. మనవాళ్లకు చెప్పకుండా నలభయ్యో నిమిషంలో వేస్తున్నాను. దాని తర్వాత జపాన్ గ్రూపు ఎమ్-ఫ్లో 2001 పాట పెట్టాలని ఉంది కానీ అది టూ-స్టెప్ రకం డాన్స్ పాట, మిగతావాటికంటే బాగా పరిగెడుతుంది. ఆ గంతు ఎలా వేయాలో వచ్చే వారం చూస్తా, చిల్లు వదిలిపెడితే.