కరక్కాయ కాగితం మీద నల్లని గీత

మూడేళ్ల క్రితం నీటిరంగులకు పనికొచ్చే మంచి కాగితం ఒక కట్ట కొన్నాను. ఒక్కో కాగితం ఖరీదు గుర్తుకొచ్చినప్పుడల్లా దాని మీద వేసే బొమ్మ కూడా అంత విలువైనదిగా ఉండాలన్న ఆరాటం కలిగి, చెయ్యి బిగుసుకుపోయేది. తీరిక దొరికిన ఆదివారం ఒక బొమ్మ వేయడం, అది అనుకున్నట్టు రాకపోతే మళ్లీ రెండు నెలల పాటు కుంచె ముట్టకపోవడం, ఇలాగే ఏడాది గడిచిపోయింది. ఆ కట్టలో సగానికి పైగా ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

బొమ్మ బాగుండాలన్న కోరికను పక్కన పెట్టి, ఒక ప్రశ్నను పట్టుకున్న తరువాతనే నాకు రోజూ గీసే అలవాటు అబ్బింది. ఇలా చేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు ఒక్క పూటలో పూర్తిగా దొరకదు. సగం దొరికిన జవాబు మరునాడు సాయంత్రం మనిషిని తనంతట తానే బల్ల దగ్గరికి రప్పిస్తుంది. అందుకని వారానికి ఒక ప్రశ్న, రోజుకు అరగంట, పాత క్యాలెండర్ల వెనుక వైపు ఉన్న తెల్ల కాగితం చాలునని నిర్ణయించుకున్నాను.

మొదటి వారం ప్రశ్న చాలా చిన్నది. కాగితం వైపు చూడకుండా, కళ్లు వస్తువు మీదనే ఉంచి గీస్తే ఏం వస్తుంది? ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబునే ఏడు రోజులూ ఎదురుగా పెట్టుకున్నాను. చింతపుల్లలను మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టి కాల్చి, బొగ్గు చేసుకున్నాను. మొదటి రెండు రోజులూ చెంబు మూతి ఒక చోట, పొట్ట మరొక చోట పడ్డాయి. మూడోనాడు కూడా ఆకారం కుదరలేదు గాని, మెడ దగ్గర లోపలికి తిరిగే వంపులో మాత్రం బొగ్గు తనంతట తాను ఆగి, ఒత్తుకొని, మళ్లీ సన్నబడింది. చూసి చూసి దిద్దుకుంటూ గీసిన నా పాత బొమ్మలు వేటిలోనూ అటువంటి బరువున్న గీత లేదు. ఆ ఒక్క అంగుళం గీత కోసమే మిగిలిన నాలుగు రోజులూ కూర్చున్నాను.

తరువాతి వారాల్లో వస్తువుల మీద కాగితం పరిచి, పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దాను. జర్మనీలో పుట్టిన చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో చెక్క నేల మీది గీతలను ఇలాగే కాగితం మీదికి ఎక్కించుకొని, అందులోంచి అడవులను, పక్షులను వెలికి తీశాడు. మా ఇంట్లో తాటాకు చాప, గోనె సంచి, తిరగలి రాయి ఉన్నాయి. తిరగలి రాయి మీది గంట్లు మాత్రం నిజంగా అద్భుతంగా దిగాయి.

ఇక నన్ను పూర్తిగా కట్టిపడేసింది కసిమి. శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కళాకారుడి ఇంటి వసారాలో కూర్చుని, ఆయన నల్ల గీత వేయడం చూసిన రోజు నుంచి అది నా మనసులో ఉండిపోయింది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీళ్లే కసిమి. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తే, కరక్కాయలోని వగరు, నీళ్లలోని ఇనుము కలిసి నలుపు పుడుతుంది. ఇదే పని కాగితం మీద జరుగుతుందా అన్నది నా ప్రశ్న.

కుండ పెట్టిన నాటి నుంచే అలవాటుకు ఒక కాపలా దొరికినట్టయింది. రోజూ సాయంత్రం వాసెన విప్పి, నురగ తేలిందా, పులిసిన వాసన వచ్చిందా అని చూడవలసిందే. చూసిన తరువాత పక్కనే ఉన్న కాగితం మీద నాలుగు గీతలు గీయకుండా లేవబుద్ధి కాదు. ఇరవయ్యో రోజుకు నురగ అణిగింది. వెదురు పుల్లను చివర సన్నగా చెక్కి, కొంచెం పైన గుడ్డ చుట్టి, దారంతో బిగించి కలం చేసుకున్నాను. గుడ్డ రంగును పీల్చుకొని ఉంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే కొద్దికొద్దిగా దిగుతుంది.

కాగితాన్ని నిలువునా రెండుగా అనుకొని, ఎడమ సగానికి మాత్రం కరక్కాయ నీళ్లు పట్టించి ఆరబెట్టాను. లేత పసుపు తేలింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కలం ఎత్తకుండా ఒకే గీత లాగాను. రెండు వైపులా అది పలచని బూడిద రంగులో, గీసినట్టు కూడా తెలియకుండా ఉంది. నేను చూస్తూ ఉండగానే ఎడమ వైపు గీత ముదరడం మొదలుపెట్టి, కాసేపటికి కాటుకంత నలుపుకు చేరింది. కుడి వైపున అదే గీత తుప్పు మరకలా వెలిసిపోయి మిగిలింది. ఒకే చేతి కదలిక మధ్యలో రాత్రి నుంచి తెల్లవారుజాములోకి దాటినట్టుగా ఉంది. ఆ రోజు నాకు అన్నం కూడా గుర్తు రాలేదు.

ఆ ఒక్క గీత నుంచి పది ప్రశ్నలు పుట్టాయి. కరక్కాయ నీళ్లతోనే ముందుగా, కనిపించీ కనిపించని బొమ్మ వేసి, పైన కసిమి పూస్తే? పూశాను, బొమ్మ లోపలి నుంచి పైకి వచ్చింది. పాలు కలపని కాగితం మీద గీత అంచులు చెదిరి వేళ్లూనినట్టు పాకాయి, పాలు కలిపినప్పుడు గీత తన చోట నిలబడింది. కలంకారీ వారు పాలు ఎందుకు కలుపుతారో మాటల్లో విన్నప్పటి కంటే ఆ రెండు ముక్కలూ పక్కపక్కన చూసినప్పుడే నాకు బాగా అర్థమైంది. ఇనుము, వగరు కలిసిన సిరా ఏళ్ల మీద కాగితాన్ని తినేస్తుంది కాబట్టి, ఇవి శాశ్వతంగా దాచుకునే బొమ్మలు కావు. వీటిని నేను నా చేతి కోసం వేస్తున్నాను.

అయినా ప్రతి కాగితానికీ వెనుక సంవత్సరం, వరుస సంఖ్య, ఆనాటి ప్రశ్న రాసి పెడుతున్నాను. ఈ పద్ధతి చిత్రకారుడు పాల్ క్లే నుంచి తీసుకున్నది. ఆయన 1911 నుంచి తన బొమ్మల జాబితాను స్వయంగా రాసుకున్నాడు. చర్మం బిగుసుకుపోయే జబ్బుతో బాధపడుతున్న రోజుల్లో, చనిపోవడానికి ముందటి సంవత్సరమైన 1939లో, ఆ జాబితాలో 1,200కు పైగా బొమ్మలు చేరాయి. ఆ అంకె చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. నా జాబితా ఈ ఏడాది 214 దగ్గర ఉంది. వేసిన రోజు ఏ బొమ్మనూ బాగుందని గాని బాగులేదని గాని అనుకోను. ఆదివారం ఉదయం వారం కాగితాలన్నీ నేల మీద పరిచి, నిలబడి చూస్తాను. అప్పుడు మంగళవారం నాడు పనికిరాదనిపించిన కాగితమే చాలాసార్లు ముందుగా చూపును పట్టుకుంటుంది.

ఇప్పుడు ఎరుపు కోసం ప్రయత్నిస్తున్నాను. దానికి పటిక నీళ్లతో గీసి, మంజిష్ఠ వేసిన నీళ్లలో మరిగించాలి. కాగితం ఆ వేడికి నిలవదు కనుక పాత పంచె ఒకటి ముక్కలు చేసి, కరక్కాయ, పాలు పట్టించి డాబా మీద ఆరవేశాను. ఈ పూటకు ఆరితే 215వ సంఖ్య దానిది.