జరీ చూసి మనసు పారేసుకున్నా

పోయిన వారం 102 మెగాపిక్సెళ్ల మీడియం ఫార్మాట్ కెమెరా అద్దెకు తెచ్చా. మొదటి రోజు మంగళగిరి చీరల కేటలాగ్. పెద్దది చేసి చూస్తే అంచులో జరీ పోగులు లెక్కపెట్టొచ్చు! వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు, అదే సెన్సర్, 43.8×32.9 మిల్లీమీటర్లు మరి. నా పాత కెమెరాది ఫుల్ ఫ్రేమ్, అంటే 36×24 సెన్సర్. దానికి వైశాల్యంలో ఇది దాదాపు 1.7 రెట్లు. కొనేద్దామని ఇంట్లో చెప్పేశా కూడా.

ఆదివారం పెళ్లికి అదే పట్టుకెళ్లా. తలంబ్రాల దగ్గర తేలిపోయింది. పెళ్లికూతురు దోసిలి ఎత్తి, పోసి, నవ్వేలోపు నాకు దక్కినవి నాలుగైదు ఫ్రేములు. రెండింట్లో ఫోకస్ బియ్యం గింజల మీద! భుజాన ఉన్న పాత ఫుల్ ఫ్రేమే ఆదుకుంది.

పైగా ఈ కెమెరా కంప్రెస్ చేయని రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫొటో ఫైలు) ఒక్కోటి 200 ఎంబీ పైనే. ల్యాప్‌టాప్ ఇంకా మూలుగుతోంది.

పెళ్లిళ్లకు పాతదే. చీరల పనికి మీడియం ఫార్మాట్‌ని రోజు అద్దెకు తెచ్చుకుంటా. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది.