అమ్మమ్మ మెడ చుట్టూ పమిట చెంగు

బరంపురంలో హిస్టాలజీ ల్యాబులో, అంటే శరీర కణజాలాన్ని మైక్రోస్కోపుతో చూసే చోట, స్లైడ్లు తయారుచెయ్యడం నా పని. పద్దెనిమిదేళ్లయింది. కణజాలం ముక్కని మైనంలో పోసి చేసిన బ్లాకుని, పలచగా కోసే మైక్రోటోమ్ మిషన్‌కి బిగించి 5 మైక్రాన్ల మందంలో కోస్తే రిబ్బనులా సాగుతూ వస్తుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్ల మీద పరిచి గాజు పలక మీదికి ఎత్తుకోవాలి. మెడ ముందువైపుండే థైరాయిడ్ గ్రంథి బ్లాకు వచ్చిన రోజు మాత్రం తొందరపడను. లోపల కొలాయిడ్ అనే జిగురు ముద్ద గట్టిపడిపోయి, బ్లేడు తగలగానే చిట్లిపోతుంది. కాసేపు ఐసు మీద బోర్లించి తడి పట్టనిస్తే దారికొస్తుంది.

రంగులు వేశాక మైక్రోస్కోపు కింద పెడితే ఈ గ్రంథిని ఎవరైనా గుర్తుపట్టేస్తారు. గుండ్రటి గదులు, ఒక్కో గది చుట్టూ ఒకే వరస కణాలు, మధ్యలో గులాబీ రంగు ముద్ద. ల్యాబుకొచ్చే విద్యార్థి పిల్లలకి ఒడియాలోనే చెప్తాను గానీ నాకు మనసులో మెదిలేది తెలుగులోనే: ముంజెకాయ పైభాగం నరికితే కనబడే కళ్లు.

ఆ గులాబీ ముద్దే నిల్వ సరుకు. మిగతా వినాళ గ్రంథులేవీ ఇంత దాచుకోవు. థైరాయిడ్ మాత్రం గాదెలో ధాన్యం పోసినట్టు, కణాల బయట, రెండు మూడు నెలలకి సరిపడా హార్మోను పెట్టుకుంటుంది. థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీనుకి అయోడిన్‌ని అతికించి ఉంచుతుంది. మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి టీఎస్‌హెచ్ అనే హార్మోను వచ్చి అడిగినప్పుడు కణాలు ఆ ముద్దని అంచు నుంచి కొంచెం కొంచెం లోపలికి లాక్కుని, టీ4, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్లుగా విడగొట్టి రక్తంలోకి వదులుతాయి. పని ఎక్కువున్న గ్రంథిలో ముద్ద అంచులు ఎలక కొరికిన అప్పడంలా ఉంటాయి, కణాలు నిలువుగా ఎదిగి ఉంటాయి. పని తక్కువైతే గది నిండుగా, కణాలు చదునుగా కనబడతాయి. కదలని స్లైడులో కూడా ఆ గ్రంథి ఎంత కష్టపడిందో తెలిసిపోతుంది. అందుకే నాకు ఇదంటే అంత ఇష్టం.

మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథి కూడా బాగుంటుంది. దాని పైభాగంలోని మూడు పొరల్లో నడిమి పొర కణాలు నురగలా కనబడతాయి. ఆ బుడగలు నిజానికి ఖాళీలు. కార్టిసాల్ అనే హార్మోను తయారీకి దాచుకున్న కొవ్వు, మేం వాడే జైలీన్ అనే ద్రావకంలో కరిగిపోగా మిగిలిన చోట్లు. ఇది చెప్తే పిల్లల మొహాలు వెలుగుతాయి. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మా అమ్మమ్మది పర్లాకిమిడి. గొంతు కింద నిమ్మకాయంత మొదలైన వాపు, నాకు ఊహ తెలిసేసరికి బత్తాయంత అయింది. పెళ్లిళ్లకెళ్తే పమిట చెంగు మెడ చుట్టూ కప్పుకుని కూర్చునేది. ఒకచోట చూపిస్తే, "ఈ వయసులో ఆడవాళ్లకి మామూలే" అని పంపేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంట్లో వాడింది సముద్రం పక్కనున్న నౌపడ ఉప్పు మడుల రాళ్లుప్పే. 1900లో వేసిన చిన్న రైలు మార్గం నౌపడ నుంచే పర్లాకిమిడి వచ్చేది. ఆ ఉప్పుకే సంతలో కొండల మీది సవరవాళ్లు కూడా చింతపండు, పసుపు తెచ్చి అమ్ముకునేవారు. "సముద్రం ఉప్పు తింటే గొంతు ఎందుకు వాస్తాది గుంటా?" అనేది అమ్మమ్మ. ఉప్పు మడిలో ఎండేసరికి అయోడిన్ దాదాపు మిగలదని అప్పుడు మాలో ఎవరికీ తెలీదు. మనిషికి కావలసింది రోజుకి 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్లకి కలిపినా నాలుగు గ్రాములు కాదు. అదీ అందకపోతే గాదె అడుగంటుతుంది, పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని పెంచి పెంచి కొడుతుంది, కణాలు ఎదిగి, రెట్టించి, గ్రంథి ఉబ్బుతుంది. దాన్నే తెలుగులో గళగండం అంటాం, ఒడియాలోనూ అదే మాట.

ఈ లెక్క మన దేశంలో తేల్చిచూపింది మా పక్క ఊరివాడే. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు, పాథాలజిస్టు. 1950ల్లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో కొన్ని ఊళ్లకి మామూలు ఉప్పు, కొన్ని ఊళ్లకి అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి, ఏళ్ల తరబడి పిల్లల మెడలు తడిమి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో వాపులు బాగా తగ్గాయి. 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మా వంటింట్లోకి ప్యాకెట్ ఉప్పు వచ్చేసరికి మాత్రం అమ్మమ్మ లేదు.

మొన్న దసరాకి వెళ్తే అమ్మ పొయ్యి పక్కన రెండు డబ్బాలున్నాయి. పెద్దదాంట్లో రాళ్లుప్పు, ఆవకాయకి. చిన్నదాంట్లో అయోడిన్ ఉప్పు, కూరకీ పప్పుకీ. గాలి తగిలితే అయోడిన్ పోతుందని ఎప్పుడో నేను చెప్పాను. చిన్న డబ్బా మూత అమ్మ ఎంత బిగించిందంటే, తియ్యడానికి నాకు చెంగు పట్టుకోవలసి వచ్చింది.