గార ఉన్న పళ్ళ కోసం గుడి చుట్టూ: ఫ్లోరిడాలో నా డెంటల్ హైజీనిస్టు పరీక్ష అనుభవం

నిన్ననే లైసెన్సు వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇండియాలో బీడీఎస్ చదివి, భర్త ఉద్యోగం వల్ల అమెరికా వచ్చి, ఇక్కడ మళ్ళీ డెంటల్ కాలేజీ ఫీజు కట్టే స్తోమత లేనివారికి ఫ్లోరిడా ఒక దారి చూపిస్తుంది. విదేశీ దంతవైద్య పట్టాతోనే హైజీనిస్టు, అంటే క్లినిక్‌లో పళ్ళు శుభ్రం చేసే మనిషి, లైసెన్సు పరీక్షలు రాయనిస్తుంది. ఉద్యోగం చేసే అనుమతి మాత్రం వేరుగా ఉండాలి.

ముందు మార్కుల పత్రాలు. సీలు వేసిన కవరు ఇవ్వడానికి కాలేజీ గుమాస్తా మా నాన్నగారిని తిప్పించుకున్న తీరు రాస్తే నోరు పాడవుతుంది. వదిలేస్తున్నాను.

జాతీయ బోర్డు రాత పరీక్షకు భయపడనవసరం లేదు. మొత్తం 350 ప్రశ్నలు: 200 విడివిడిగా, 150 రోగుల కేసుల మీద. 75 వస్తే పాస్. అది శాతం కాదు, 49 నుంచి 99 దాకా ఉండే స్కేలు. ప్రజారోగ్యం, పరిశోధన గణాంకాలు మనవాళ్ళు తేలిగ్గా వదిలేస్తారు, వదలకండి. ఫ్లోరైడు గురించి మాత్రం నల్గొండ జిల్లాలో పుట్టినదాన్ని నన్నా అడిగేది! అమెరికాలో తాగునీటిలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండాలని 2015లో సిఫారసు చేశారు. మా ఊరి బోరు నీళ్ళ సంగతి మా తాతయ్య వంగిన నడుమే చెప్పేది.

అసలు పరువు పోయింది ప్రాక్టికల్ దగ్గర. బొమ్మ నోటి మీద చేసే పరీక్ష కూడా ఉంది కానీ, నాకు అందుబాటులో ఉన్న కేంద్రంలో ఆ సీట్లు నిండిపోయాయి. ఇక గార తీసి చూపించడానికి మనిషిని వెంట తెచ్చుకోవాల్సిందే. ఆ మనిషికి చిగుళ్ళ కింద, వాళ్ళు చెప్పినన్ని చోట్ల, గట్టి గార ఉండాలి. బీపీ 180/110కి చేరితే వెనక్కి పంపేస్తారు. ఊళ్ళో క్లినిక్ నడిపినప్పుడు రోగులు నా కోసం బెంచీ మీద కాచుకుని కూర్చునేవారు. ఇక్కడ నేను గుడిలో పులిహోర పంచుతూ వచ్చినవారి పళ్ళకేసి చూడసాగాను. "అంకుల్, ఒక్కసారి నోరు తెరుస్తారా?" అని అడిగితే ఒకావిడ "మా ఇంట్లో అందరం రోజూ పళ్ళు తోముకుంటామమ్మా" అని భర్తను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

చివరకు ఒకాయన ఒప్పుకున్నారు. ఎక్స్‌రేలు తీయించాను, అన్నీ కుదిరాయి. గుర్తుచేద్దామని పరీక్ష ముందు ఫోను చేస్తే ఎంతో సంతోషంగా చెప్పారు: "అంతమంది ముందు నోరు తెరవాలి కదమ్మా, బాగుండదని నిన్ననే శుభ్రం చేయించుకున్నాను." నాకు ఏడుపొచ్చింది. అభ్యర్థులకు రోగులను వెతికిపెడతామని డబ్బు గుంజేవారు ఉన్నారు. వాళ్ళ రేటు విన్నాక ఏడుపు ఆగి కోపం వచ్చింది. పరీక్ష ఫీజు కట్టినవారినే మనిషిని కూడా వెతుక్కోమనడం ఏ న్యాయం? ఎవరి దగ్గర డబ్బుంటే వారికే మంచి గార దొరుకుతుంది!

నన్ను గట్టెక్కించింది కొడుకును చూడటానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు. భోజనం కాగానే కిళ్ళీ వేసే మనిషి. ఆ పళ్ళు చూసి చేతులు జోడించాను. "మామయ్యగారి నోరేమైనా ప్రయోగశాలా?" అని కోడలు అడ్డుపడింది. "ఆడపిల్ల పరీక్షమ్మా, వెళ్తాను" అన్నారాయన. మీరు మాత్రం ఇద్దరిని సిద్ధం చేసుకోండి, ఇద్దరికీ పరీక్ష అయ్యేదాకా పళ్ళ డాక్టరు గడప తొక్కవద్దని గట్టిగా చెప్పండి.

పరీక్షకులు వేరే చోట కూర్చుంటారు. అభ్యర్థి ఎవరో వారికి తెలియదు, రోగి మాత్రమే వారి దగ్గరికి వెళ్తారు. లోపల ఏం జరుగుతోందో తెలియక నేను చెమటలు కక్కుతుంటే, మాస్టారు నవ్వుతూ బయటికొచ్చారు. "అబ్బో, చాలా ఉందన్నారమ్మా!"

రాష్ట్ర చట్టాల పరీక్ష ఒక లెక్కే కాదు.

పరీక్షలో శుభ్రం చేసేది నోట్లో కొంత భాగమే. నిన్న లైసెన్సు సంగతి చెబుదామని మాస్టారికి ఫోను చేస్తే కోడలే ఎత్తింది. "మిగతా పక్క ఎప్పుడు చేస్తావు? అద్దంలో చూసుకుని రోజూ అడుగుతున్నారు" అంది. ఉద్యోగం దొరకగానే మొదటి అపాయింట్‌మెంట్ ఆయనదే, బిల్లు నాది.