పాత సినిమాల పుస్తకం: నాలుగు నెలలు, ఇరవై మూడు సినిమాలు

పాత సినిమాలు వెతికి చూసి, ఒక పుస్తకంలో లెక్క రాసుకోవడం నా సరదా. మొదట పెట్టుకున్న రూలు ఒకటే. సినిమాకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మనిషి ఒకరైనా పనిచేసి ఉండాలి. ఏదో ఒక హద్దు లేకపోతే, ఏం చూద్దామా అని వెతుక్కుంటూనే నిద్రొచ్చేస్తోంది.

రమణారెడ్డి కోసం మిస్సమ్మ, గుండమ్మ కథ మళ్ళీ చూశాను. అవి లెక్కలో వేసుకోలేదు, ఎవరు చూడలేదు గనక. అసలు తవ్వకం నెల్లూరాయన పి. పుల్లయ్య దగ్గర మొదలైంది. ఆయన 1955లో తీసిన కన్యాశుల్కంలో గిరీశం ఎన్టీఆర్ అంటే నమ్మబుద్ధి కాలేదు. చూశాక కూడా పూర్తిగా నమ్మలేదు గానీ, మధురవాణిగా సావిత్రి ఉన్నంతసేపూ ఆ సంగతే గుర్తురాలేదు. దొడ్డవరంలో పుట్టిన భానుమతి 1953లో చండీరాణిని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ డైరెక్ట్ చేసింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు లేవు. పైగా రెండు వేషాలూ తనవే.

వాగ్దానం (1961) దగ్గర ఆగిపోయాను. సూళ్ళూరుపేట పక్కన మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ డైరెక్ట్ చేసిన ఒకే ఒక్క సినిమా ఇది. అందులో రేలంగి హరికథ చెబుతాడు. రాసింది శ్రీశ్రీ, గొంతు ఘంటసాలది. శ్రీశ్రీ చేత సీతాకళ్యాణం రాయించాలన్న ఆలోచనకే ఆత్రేయకు దండం పెట్టాలి. తీరా నాకు దొరికిన కాపీలో హరికథ సగంలో తెగిపోయింది!

మా వీధి చివర ఒకప్పుడు థియేటర్లో ఆపరేటర్‌గా చేసిన తాత ఉన్నాడు. వెళ్ళి మొరపెట్టుకుంటే, "మొదట్లో సెన్సార్ కాగితం పడుద్ది గదా, అడుగులు చూసినావా?" అన్నాడు. నిమిషానికి 90 అడుగుల ఫిలిం నడుస్తుందట. 16,200 అడుగులుంటే మూడు గంటలు. మీటర్లలో ఉంటే 27.4తో భాగించాలి. వచ్చిన నిమిషాలకూ వీడియో నిడివికీ ఐదు నిమిషాలు దాటి తేడా ఉంటే ముందు పాటల మీద అనుమానపడాలి.

ఇందులో ఒక మెలిక నేనే కనుక్కున్నాను. టీవీ కోసం సెకనుకు 24 ఫ్రేములు (బొమ్మలు) నడవాల్సిన సినిమాను 25గా నడిపిన కాపీలుంటాయి. మూడు గంటల సినిమా 173 నిమిషాలకే అయిపోతుంది. ఏమీ కోసి ఉండరు, పాట శ్రుతి మాత్రం కాస్త పైకి పోతుంది. ఇది తెలియక రెండు మంచి కాపీలు డిలీట్ చేసుకున్నాను.

ఇప్పుడు పుస్తకంలో ప్రతి సినిమాకూ నాలుగు గళ్ళు: అడుగులు, రావాల్సిన నిమిషాలు, వచ్చిన నిమిషాలు, మన జిల్లా మనిషి. ఇరవై మూడింట్లో ఆరు కోత కాపీలని తేలాయి. వాటి పక్కన ఎర్ర ఇంకు గీత.

వాగ్దానం ఇంకో కాపీ పోయిన బుధవారం దొరికింది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తాత ఇంటికే పోయినాను. హరికథ మొత్తం ఉంది. నేను రేలంగిని చూస్తున్నాను, తాత కళ్ళు మాత్రం తెర కుడి పై మూలకే అతుక్కుపోయాయి. రీలు మార్చమని చెప్పే చుక్క అక్కడే పడుతుంది. కాసేపటికి పడింది. కుర్చీలో కూర్చునే ఎడమ పక్కకు చెయ్యి చాపాడు, రెండో ప్రొజెక్టర్ కోసం.